కోటు జేబులో చాకు

గడ్డం కింద వదులుగా వేలాడే చర్మాన్ని ఎడమచేతి బొటనవేలితో పైకి లాగిపట్టి, కుడిచేతిలోని కత్తిని కింది నుంచి పైకి మెల్లగా తీసుకొస్తోంది ఆమె. మావయ్య కుర్చీలో తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, నోరు కొద్దిగా తెరిచి కూర్చున్నాడు. మెడ చుట్టూ తువ్వాలు. సబ్బు నురగ చెవుల దాకా పాకింది. ముసలి చర్మం ఎటు లాగితే అటు వస్తుంది. మడతలో మడత, ఆ మడతల్లో తెల్ల వెంట్రుకలు దాక్కుని ఉంటాయి. దాక్కున్నవాటిని బయటికి లాగడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

"నెమ్మదే," అన్నాడు మావయ్య, పెదవులు కదపకుండా.

"నెమ్మదిగానే ఉన్నా. నువ్వు మాట్లాడకు. తెగితే మళ్ళీ నన్నంటావు."

వంటింటి కిటికీ అవతల ఎదురింటావిడ తీగ మీద దుప్పటి ఆరేస్తోంది. ఆరేస్తూ ఇటు ఒకసారి చూసింది. మళ్ళీ చూసింది. ఎందుకు చూస్తోందో అని ఆమె మనసులో ఒక మూల అప్పుడే గుసగుస మొదలైంది. నిన్న కూడా ఇలాగే చూసింది. తను పనికి వెళ్ళాక ఈవిడ ఇంట్లోకి వస్తుందేమో, మావయ్యతో కబుర్లాడుతూ డబ్బాలు తెరిచి చూస్తుందేమో. అందుకే ఆమె పంచదార డబ్బా మూసేముందు చెంచా వెనకవైపుతో పైన చదును చేసి, ఒక చిన్న గీత గీస్తుంది. సాయంత్రం వచ్చి మూత తీసి గీత చూసుకుంటుంది. గీత ఎప్పుడూ చెక్కు చెదరకుండా ఉంటుంది. అలా ఉండటం కూడా ఆమెకు అనుమానమే. ఎవరో తెలివిగా మళ్ళీ గీశారేమోనని.

రెడీమేడ్ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో, ఆడవాళ్ళు బయటికి వెళ్ళే గేటు దగ్గర, తెర కట్టిన చిన్న గదిలో నిలబడి వచ్చినవాళ్ళనల్లా తడిమి చూసి పంపడం ఆమె ఉద్యోగం. మెడ, చంకలు, నడుము, సంచీ అడుగు, టిఫిన్ డబ్బా మూత. చెయ్యి ఒక్కసారి అలా జారితే చాలు. అందరూ ఆమెను ఎక్స్‌రే అక్క అంటారు. అక్క చెయ్యి వేస్తే పొద్దున మనం ఏం తిన్నామో కూడా తెలిసిపోతుందని వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వుకుంటారు. ఆమె నవ్వదు. నవ్వించేవాళ్ళని మరికాస్త గట్టిగా తడుముతుంది.

కత్తి గొంతు మీదికి వచ్చేసరికి మావయ్య కళ్ళు తెరిచాడు. పొర కమ్మిన కళ్ళు. వాటిలో ఏదో సరదా మెరిసింది.

"చేతిలో పదునుంటే నీ మొహం ఎలా ఉంటుందో తెలుసా పిల్లా? చిన్నప్పుడు ఎలా ఉండేదో అచ్చం అలాగే. నాలిక కొస బయటపెట్టి..."

ఆమె గబుక్కున నాలిక లోపలికి లాక్కుంది. ఏళ్ళ తరబడి గొంతులో అడ్డంపడి ఉన్న మాట, తను పిలవకుండానే పైకి వచ్చేసింది.

"చిన్నప్పుడు నా చేతికి పదునెవరిచ్చారు?"

"ఎవరిస్తారు? నువ్వే కొట్టేశావుగా, నా కోటు జేబులోంచి." మావయ్య కిసుక్కున నవ్వాడు. నురగ చింది ఆమె మణికట్టు మీద పడింది.

కత్తి ఆగిపోయింది.

"నువ్వే ఇచ్చావు," అంది ఆమె.

"ఏంటి?"

"చాకు. మెట్ల మీద కూర్చుని ఉన్నావు. జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసి, ఇక ఇది నీదే అన్నావు."

మావయ్య నవ్వు మెల్లగా ఆరిపోయింది. ఆయన ఆమె వంక కాసేపు చూశాడు. గేటు దగ్గర ఎన్ని ముఖాలు చూసిందో ఆమె! అబద్ధమాడేవాళ్ళకు ముందు గొంతు కింద చర్మం కదులుతుంది, తర్వాత కళ్ళు వాలతాయి, ఆ తర్వాత చేతులు ఏదో ఒక పని వెతుక్కుంటాయి. ఇప్పుడు ఆ గొంతు ఆమె వేళ్ళ కిందే ఉంది. అది కదల్లేదు.

"నేనెలా ఇస్తాను పిల్లా? అది మా నాన్నది. ఆయన పోయాక నాకంటూ మిగిలింది అదొక్కటే. కన్నతల్లి అడిగినా ఇచ్చేవాణ్ణి కాదు." చేత్తో పెదవి మీది నురగ తుడుచుకున్నాడు. "కానీ ఆ రోజు ఇచ్చానని చెప్పి ఉండాల్సింది. మీ నాన్న అందరి ముందూ అడిగాడే, అప్పుడు. ఒక్క అబద్ధం ఆడేస్తే పోయేది. నోటికి రాలేదు. నువ్వు నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఎన్నిసార్లు అనుకున్నానో, ఛ, చిన్నపిల్ల, ఒక్క అబద్ధం ఆడలేకపోయానే అని."

కత్తి అంచు ఇంకా ఆ గొంతుకు ఆనుకునే ఉంది. మావయ్య గొంతు పక్కన ఎర్రటి చుక్క పుట్టి మెల్లగా పెద్దదయింది.

"చూశావా," అన్నాడు మావయ్య, "మాట్లాడితే తెగుతుందని నువ్వు ముందే చెప్పావు."

ఆమె పటికముక్క తడిపి గాటు మీద అదిమిపట్టింది. మిగతా గడ్డం పూర్తిచేసింది. తువ్వాలు తీసి నురగ తుడిచింది. కత్తి కడిగి, తుడిచి, మావయ్యకు అందకుండా పై అరలో పెట్టింది. అన్నీ రోజూ చేసినట్టే చేసింది. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మాత్రం వెనక్కి తిరిగింది.

"సాయంత్రం వచ్చాక అడుగుతాను. సరిగ్గా గుర్తు తెచ్చుకుని ఉంచు."

"అలాగే ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు మావయ్య, చెంపలు నిమురుకుంటూ.

ఫ్యాక్టరీకి నడిచే దారిలో ఆమె ఎప్పుడూ గోడవారగా నడుస్తుంది, వెనక ఎవరొస్తున్నారో నీడల్లో కనిపెట్టుకుంటూ. ఇవాళ నీడల సంగతే పట్టలేదు. ముసలాడు ఎందుకిలా అన్నాడు? ఇన్నేళ్ళ తర్వాత, అంత తేలిగ్గా, అంత ముద్దుగా? పైగా తప్పు తనదే అయినట్టు, తను అబద్ధమాడకపోవడమే పెద్ద నేరమైనట్టు! ఎంత గడుసుదనం. తిండి పెట్టి గడ్డం గీసే మనిషి దగ్గర పాత అబద్ధం ఒప్పుకోవడం కష్టమై, కథ తిరగేసి ఉంటాడు. అవును, అంతే అయ్యుంటుంది.

ఆ చాకు ఆమె దగ్గర ఎన్నాళ్ళుందో ఆమెకే సరిగ్గా తెలియదు. బడి తెరిచిన కొత్తలో వచ్చింది, వానలు పూర్తిగా తగ్గకముందే పోయింది. కానీ ఆ కాస్త కాలం ఆమె జీవితంలో మిగతా ఏళ్ళన్నిటికన్నా పెద్దదిగా ఉండిపోయింది. గోధుమరంగు ఎముక పిడి. ఒక చివర సన్నటి పగులు, అందులో ఎవరి చేతి మురికో నల్లటి దారంలా ఇరుక్కుని ఉండేది. మడిచిపెట్టే అలుగులు రెండు. పెద్దదానికి కొన కాస్త విరిగింది. చిన్నది ఎంత బిగుతంటే, తెరవబోతే గోరు విరిగేది. తెరుచుకున్నప్పుడు టక్కుమని ఒక చప్పుడు. ఆ చప్పుడు కోసమే మంచం కింద దూరి, తెరిచి మూసి, తెరిచి మూసి, చివరికి చూపుడువేలు కోసుకుంది. తలుపు సందులో పడిందని అమ్మకు చెప్పి, వేలు నోట్లో పెట్టుకుని, ఇనుము రుచి వచ్చేదాకా చప్పరించింది.

చాకు చేతికి వచ్చాక ప్రపంచమంతా రెండు రకాలైపోయింది, తెగేవీ తెగనివీ. సబ్బు తెగుతుంది. కొవ్వొత్తి తెగుతుంది. రబ్బరు చెప్పు మొండికేస్తుంది కానీ చివరికి తెగుతుంది. నారింజ తొక్క తెగేటప్పుడు కళ్ళలోకి చిమ్ముతుంది. కిటికీ చెక్క అడుగున, ఎవరూ వంగి చూడనిచోట, తన పేరులో మొదటి అక్షరం చెక్కుకుంది. బడిలో అయితే ఆమె ఒక్కసారిగా మహారాణి. అంతకుముందు ఆమెతో మాట్లాడని పిల్లలు పెన్సిళ్ళు పట్టుకుని చుట్టూ మూగేవారు. ఆమె నాలిక కొస బయటపెట్టి, చెక్కు పొరలు పొరలుగా రాలుతుంటే, సూదిలాంటి మొన తీసి ఇచ్చేది. ఒక్కరోజు కూడా ఎవరినీ చాకు పట్టుకోనివ్వలేదు.

రాత్రి పిడికిట్లో పెట్టుకుని పడుకునేది. పగలు చిరిగిన గుడ్డబొమ్మ పొట్టలో, దూది మధ్య దాచేది. గేటు దగ్గర ఏ ఆడది ఏ వస్తువు ఎక్కడ దాస్తుందో ఆమె చేతికి ఇట్టే తెలిసిపోవడానికి ఆ బొమ్మే మొదటి పాఠం.

బొమ్మ! నడుస్తున్న ఆమె కాళ్ళు తడబడ్డాయి. ఇచ్చిన వస్తువైతే ఎందుకు దాచింది?

ఆడపిల్ల చేతిలో చాకేమిటని తిడతారని దాచి ఉంటుంది, మరేం కాదు, అని తనకు తానే సమాధానం చెప్పుకుంది. గేటు దగ్గర ఇలాంటి సమాధానం ఇంకెవరైనా చెప్పి ఉంటే ఆమె ఒప్పుకునేదా?

చాకు దొరికింది అమ్మకు. బొమ్మను ఉతకబోతే గట్టిగా తగిలింది. ఎక్కడిదే ఇది అంటే, మావయ్య ఇచ్చాడంది. అప్పట్లో మావయ్య వాళ్ళింట్లోనే ఉండేవాడు. అమ్మకు తమ్ముడు, పని దొరకని కుర్రాడు. బావగారి అన్నం తింటున్నానని తల వంచుకుని తిరిగేవాడు. సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నాక నాన్న చాకును కంచాల మధ్య పెట్టి, దీన్ని నువ్విచ్చావా అని అడిగాడు. మావయ్య చాకు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. "నాదే బావా. కనబడక వెతుక్కుంటున్నాను," అన్నాడు. "ఇచ్చావా లేదా?" "లేదు."

నాన్న కొట్టిన దెబ్బ తర్వాత రోజుకే మర్చిపోయింది. మరపురానిది అమ్మ చూపు. ఆ తర్వాత ఇంట్లో ఏది కనబడకపోయినా, దువ్వెన గానీ, తాళంచెవి గానీ, అందరి కళ్ళూ ముందు ఆమె మీదికే వచ్చేవి. ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. అనకుండానే ఆమె పుస్తకాల సంచీ తెరిచి చూసేవారు. అలా పెరిగింది ఆమె, ఒళ్ళంతా జేబులే అయినట్టు.

పెళ్ళయ్యాక ఆమె కూడా చూడటం మొదలుపెట్టింది. భర్త లారీలు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు, మంచివాడు, నోట్లో నాలుక లేనివాడు. ఇంటికి రాగానే చొక్కా విప్పి తగిలిస్తే, ఆయన స్నానం చేసి వచ్చేలోగా జేబులన్నీ తిరగేసేది. ఎప్పుడూ ఏమీ దొరకలేదు. దొరకకపోయేకొద్దీ ఆమెకు కసి పెరిగేది. "నీతో కాపురం చేస్తుంటే రోజూ గేటు దాటుతున్నట్టుంది," అన్నాడు ఒక సాయంత్రం. మర్నాడు పనికని వెళ్ళి, అటునుంచటే వేరే ఊళ్ళోని షెడ్డుకి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. చొక్కా ఒకటి వదిలేసి వెళ్తే, దాని జేబులు కూడా చూసింది.

మావయ్యకు తర్వాత బస్సు కండక్టరు ఉద్యోగం దొరికింది. పెళ్ళి చేసుకోలేదు. మోకాళ్ళు పోయి, అద్దెగది ఉన్న కట్టడాన్ని పడగొట్టేస్తున్నారని తెలిసినప్పుడు ఆమే వెళ్ళి తెచ్చుకుంది. మేనమామను ఎంత బాగా చూసుకుంటోందో అని అందరూ మెచ్చుకున్నారు. నిజం ఆమెకు తెలుసు. ఆ ముసలినోటి నుంచి ఒక్క మాట రాలాలని తెచ్చుకుంది. "నేనే ఇచ్చాను." అంతే. ఆ మాటకోసం అన్నం వండింది, మాత్రలు మింగించింది, గొంతు మీద కత్తి పెట్టి గడ్డం గీసింది. ఒక్కనాడూ అడగలేదు. దానంతట అదే రావాలని కూర్చుంది.

ఇవాళ వచ్చింది. తిరగబడి వచ్చింది.

మధ్యాహ్నం తెరగదిలో బెంచీ మీద కూర్చుని ఆమె ఆ మెట్లను మళ్ళీ గుర్తు తెచ్చుకుంది. ఆమెకు ఆ దృశ్యం అరచేతిలో గీతల్లా తెలుసు. మెట్లు, ఎండ, కోటు, చాకు, మూసుకున్న వేళ్ళు, ఇక ఇది నీదే అన్న మాట. గేటులో నిలబడ్డ మనిషిని చూసినట్టు దాన్ని ఎదురుగా నిలబెట్టి, పైనుంచి కింద దాకా తడిమింది. అప్పుడు గమనించింది, అందులో మావయ్య ముఖం లేదు. ఎంత వెతికినా లేదు. కోటు ఉంది. అది మెట్ల మీద లేదు, తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. దాని లోపలి గుడ్డ జేబు దగ్గర చిరిగి, పోగులు పోగులుగా వేళ్ళకు తగులుతోంది. పొగాకు వాసన.

చేతిలో పెట్టి ఇస్తే, కోటు లోపలి చిరుగు తన వేళ్ళకెలా తెలుసు?

ఇక ఇది నీదే. అది మావయ్య గొంతేనా? లేక మంచం కింద దూరి, చాకుతో తనే అన్న మాటా?

 ముసలాడు మాయ మాటలు చెప్పి తన బుర్రలో పురుగు దూర్చాడని తిట్టుకుంది. మళ్ళీ ఆ గొంతు గుర్తొచ్చింది, వేళ్ళ కింద కదలని గొంతు. తెరగది గోడకున్న చిన్న అద్దంలో తన గొంతు చూసుకుంది. దాని మీద నమ్మకం కుదరలేదు.

అంతలో సూపర్‌వైజర్ తెర పక్కకు తోసి తల లోపల పెట్టాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టే ఉంటాడు.

"గుండీ కాజాల సెక్షన్‌లో దారం కత్తెర ఒకటి పోయింది. మెషిన్‌కి కట్టిన తాడు తెగి ఉంది, కత్తెర లేదు. బట్టల పెట్టెల్లోకి పోయిందంటే సరుకంతా వెనక్కొస్తుంది, నా ఉద్యోగం ముందుకుపోతుంది. ఇవాళ ఎవర్నీ ఊరికే వదలకు."

"ఎప్పుడైనా వదిలానా?"

"అదేలే. ఇవాళ ఇంకాస్త." ఆయన వెళ్ళిపోయాడు.

సాయంత్రం గంట కొట్టగానే వరస మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు తెర తోసుకుని రావడం, చేతులు పైకెత్తడం, వెళ్ళడం. ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. వరస చివరికి వచ్చేసరికి కాజాల మెషిన్ ఆవిడ లోపలికి వచ్చింది. దాదాపు తన ఈడుదే. ఫ్యాక్టరీలో అందరూ ఆవిడను గలగల అంటారు, నోరు మూతపడదు గనుక. తెర తీస్తూనే, అక్కా చక్కిలిగింతలు పెట్టకు, అనడం ఆవిడకు రోజూ అలవాటు. ఇవాళ అనలేదు. సంచీని ఛాతీకి హత్తుకుని నిలబడింది.

సంచీ అడుగున లోపలి గుడ్డకూ పై గుడ్డకూ మధ్య చిన్న గట్టి వస్తువు. ఆమె వేళ్ళు దాని మీద ఆగాయి. గుడ్డ కుట్టు ఊడినచోట నుంచి వేలు దూర్చి లాగింది. పోగులు వేలికి చుట్టుకున్నాయి. దారం కత్తెర బయటికి వచ్చింది.

గలగల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నేను పెట్టలేదక్కా."

ఆమె కత్తెరను అరచేతిలో తిప్పి చూసింది.

"ఒట్టు. ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆ సంచీ చిరిగి చాలా రోజులైంది, అందులోకి ఏవో జారిపోతూనే ఉంటాయి. పొద్దున తాడు తెగిపోతే కత్తెర ఒళ్ళో పెట్టుకున్నాను, తర్వాత చూస్తే లేదు. అడిగితే నేనే తీశానంటారని నోరు మూసుకున్నాను. అంతే అక్కా. నిజంగా అంతే."

ఇలాంటివి ఆమె ఎన్ని వినలేదు! అందరికీ సంచీలు చిరిగే ఉంటాయి, అందరికీ వస్తువులు జారిపోతూనే ఉంటాయి. మామూలు రోజైతే ఈపాటికి తెర అవతలికి కేక వేసి ఉండేది. ఆమె గలగల గొంతు వంక చూసింది. అది కదులుతోంది. భయంతోనా, అబద్ధంతోనా? ఇన్నేళ్ళుగా ఆ రెండింటికీ తేడా తనకు తెలుసనుకుంది. ఎవరు చెప్పారు తనకు తెలుసని?

చూపుడువేలికి చుట్టుకున్న గుడ్డ పోగును ఆమె మెల్లగా విప్పి కిందపడేసింది.

"సంచీ కుట్టుకో," అంది. "కాజాలు కుట్టేదానివి, సంచీ కుట్టుకోలేవా?"

గలగలకు అర్థం కాలేదు. అలాగే నిలబడింది.

"వెళ్ళు. వెనక మనుషులున్నారు."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆమె కత్తెరను తన జేబులో వేసుకుంది. మిగిలిన కొద్దిమందినీ చూసి పంపేదాకా అది తొడకు ఆనుకుని చల్లగా తగులుతూనే ఉంది. తనది కాని వస్తువు జేబులో పెట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో! చెయ్యి దానంతట అదే వెళ్ళి జేబును పైనుంచి కప్పుకుంది. అది ఆమెకు కొత్తగా అనిపించలేదు. అందుకే మరింత భయం వేసింది.

వరస అయిపోయాక కత్తెరను సూపర్‌వైజర్ బల్ల మీద పెట్టింది.

"ఎవరి దగ్గర?" అన్నాడాయన, సగం లేచి.

"ఎవరి దగ్గరా కాదు. నా గదిలో బెంచీ కింద పడి ఉంది."

"బెంచీ కిందా?" ఆయన కూర్చున్నాడు. కత్తెర వంక చూసి, ఆమె వంక చూశాడు. "రోజూ నువ్వే ఊడుస్తావుగా ఆ గది?"

"ఇవాళ ఊడవలేదు."

ఆయన కత్తెరను పక్కకు జరిపి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. తను రోజూ పదిమందినీ చూసే చూపే అది. చిన్నప్పుడు కంచాల మీదుగా అమ్మ చూసిన చూపు కూడా అదే.

"రేపు రాగానే ఆఫీసులో నన్ను కలువు," అన్నాడు చివరికి. "పైవాళ్ళు కూడా ఉంటారు. ఏం జరిగిందో సరిగ్గా ఆలోచించుకుని రా."

"అలాగే," అంది.

బయటికి వస్తుంటే మగవాళ్ళ గేటు దగ్గరున్న కాపలాదారు, ఏంటక్కా ఇవాళ నీ ఎక్స్‌రే పాడైందటగా, అన్నాడు. కబురు అప్పుడే పాకిపోయింది. ఆమె నవ్వింది. కాపలాదారు నోరు తెరుచుకుని చూశాడు. ఆమె పళ్ళు అతను చూడటం అదే మొదటిసారి.

ఇంకా వెలుగు ఉంది. వీధి చివర పిల్లలు బంతాట ఆడుతున్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. గలగల తీసిందో తీయలేదో, అదీ తెలియదు. ఇవాళ ఏదీ తెలియకపోయినా కాళ్ళు తేలిగ్గానే పడుతున్నాయి. మావయ్యకు చెప్పాలి. ముందు కత్తెర సంగతి చెప్పాలి. నీకు రాని అబద్ధం నేనాడి వచ్చాను చూడు, అనాలి. ముసలాడు పగలబడి నవ్వుతాడు. తర్వాత కోటు సంగతి అడగాలి. ఆ కోటు జేబు దగ్గర లోపలి గుడ్డ చిరిగి ఉండేదా మావయ్యా? అవునంటే అవును. నేనే తీసుకున్నానేమో, అని ఒక్కసారి పైకి అని చూడాలి. ఎలా ఉంటుందో చూడాలి.

ఇంటి ముందు ఎదురింటావిడ నిలబడి ఉంది. పక్కన వీధి మొదట్లో ఉండే డాక్టరు, చేతిలో సంచీతో. ఆవిడ పొద్దున రెండుసార్లు ఎందుకు చూసిందో అన్న ఆలోచన ఆమెకు వచ్చింది, వచ్చి అక్కడే ఆగిపోయింది. ఆవిడ కళ్ళు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి.

"ఇందాకే అమ్మా," అంది ఎదురింటావిడ, ఆమె రెండు చేతులూ పట్టుకుని. "నీకు ఫోన్ చేద్దామంటే నీ నంబరు నా దగ్గర లేకపోయె. ఎప్పుడు అడిగినా ఇవ్వవు కదా నువ్వు. మధ్యాహ్నం బాగానే ఉన్నారు. కిటికీలోంచి పిలిచి, కొట్టుకెళ్తే పిప్పరమెంట్లు తెమ్మన్నారు. తెచ్చిచ్చాను. కాసేపు కబుర్లు కూడా చెప్పారు. తర్వాత దుప్పటి తీద్దామని బయటికొస్తే, తల ఒకపక్కకి..."

"గుండె ఆగిపోయింది," అన్నాడు డాక్టరు. "బాధేమీ పడలేదు. నిద్రలో పోయినట్టే."

మావయ్య అదే కుర్చీలో ఉన్నాడు, పొద్దున గడ్డం గీసిన కుర్చీలో. ముఖం నున్నగా, శుభ్రంగా ఉంది. గొంతు పక్కన గాటు ఎండి చిన్న నల్లటి చుక్కగా మారింది. ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. అడగవలసినవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఎంతసేపు కూర్చుందో, ఎదురింటావిడ వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా కదల్లేదు.

"బట్టలు మార్చాలమ్మా. మావాళ్ళు వస్తున్నారు ఎత్తి పడుకోబెట్టడానికి. ముందు జేబులు చూసి తీసెయ్యి, ఏమైనా ఉంటే."

లోకంలో అందరి జేబులూ చూసిన చెయ్యి ఆ జేబు దగ్గరికి వెళ్ళి ఆగిపోయింది. ఆమె ఆవిడ వంక చూసి, "మీరు చూడండి," అంది.

"నేనెలా చూస్తానమ్మా? నీ మావయ్య."

ఆమె ఎదురింటావిడ చెయ్యి వదలకుండా పట్టుకుని, రెండో చెయ్యి చొక్కా జేబులో పెట్టింది. వెతకలేదు. ఉన్నది చేతికి తగిలేదాకా ఊరికే ఉంచింది, తగిలాక బయటికి తీసి అరచేతిలో విప్పి చూసింది. పిప్పరమెంటు కాగితం, అందులో జాగ్రత్తగా చుట్టిపెట్టిన సగం ముక్క, పన్ను దిగిన వైపు ఇంకా కాస్త తడిగా.